మొదటి ఇంజెక్షన్‌కి ముందే ఆమె చేతికి తెలుగులో ఒక కాగితం ఇవ్వండి

విజయవాడ, గుంటూరు నగరాల్లోని సంతాన సాఫల్య కేంద్రాల వైద్యులకు బహిరంగ లేఖ

డాక్టరుగార్లకు నమస్కారం.

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఉండేది గుంటూరులో. మా పేటలో ఎవరికి ఇంజెక్షన్ వేయించుకోవాలన్నా మా ఇంటికే వస్తారు. ఒకప్పుడు బి12, టీటీ, పెద్దవాళ్ళకు ఇన్సులిన్, ఇవే ఉండేవి. ఇప్పుడు సాయంత్రం ఏడు దాటాక థర్మాకోల్ డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడే ఆడపిల్లలే ఎక్కువ. మీ దగ్గర ఐవీఎఫ్ మొదలుపెట్టి, రోజూ విజయవాడ సూర్యారావుపేటకో గుంటూరు కొత్తపేటకో రాలేక, మీరు రాసిచ్చిన ఇంజెక్షన్లు ఇంటి దగ్గర వేయించుకుంటున్నవాళ్ళు వీళ్ళు. కొందరు తెనాలి, పొన్నూరు వైపు నుంచి వచ్చి ఆ పది పన్నెండు రోజులూ ఇక్కడ చుట్టాల ఇళ్ళల్లో ఉంటారు. వాళ్ళ తరఫున మిమ్మల్ని ఒక్కటే అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

స్టిమ్యులేషన్, అంటే అండాలు పెంచే ఇంజెక్షన్లు, మొదలుపెట్టే ప్రతి ఆడమనిషికీ, మొదటి సూది పడకముందే, తెలుగులో రాసిన ఒక కాగితం ఇవ్వండి. ఏ మందు ఇస్తున్నారు, ఎన్ని యూనిట్లు, ఎందుకు, ఏ లక్షణం కనిపిస్తే భయపడాలి, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ అందులో ఉండాలి. ట్రిగ్గర్ (అండాలు పూర్తిగా పండటానికి చివర్లో వేసే ఇంజెక్షన్) ఇచ్చిన రోజున అది ఏ ట్రిగ్గరో, ఏ టైముకి ఇచ్చారో అదే కాగితం మీద రాయండి. ఎగ్ పికప్ (అండాలను బయటికి తీయడం) అయ్యాక ఎన్ని అండాలు వచ్చాయో రాయండి. సంతకం పెట్టించుకుని మీ ఫైల్లో దాచుకునే ఇంగ్లీషు కన్సెంట్ ఫారం గురించి కాదు నేను అడిగేది. ఆమె హ్యాండ్‌బ్యాగులో ఉండాల్సిన కాగితం గురించి.

ఇంజెక్షన్ వేస్తూ నేను అడిగే మొదటి ప్రశ్న, "ఇది దేనికో చెప్పారా అమ్మా?" అని. "ఎగ్స్ పెరగడానికంట సిస్టరమ్మా" అంటారు. అంతకు మించి చెప్పగలిగినవాళ్ళు అరుదు. చదువుకోక కాదు. బీటెక్ చేసి మంగళగిరిలో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి కూడా అంతే చెబుతుంది. కాసేపాగి, ఇంట్లో ఎవరినీ అడగలేని ప్రశ్నలు అడుగుతుంది. "అండాలన్నీ ఇప్పుడే బయటికి లాగేస్తే నాకు తొందరగా నెలసరి ఆగిపోతుందా? క్యాన్సర్ వస్తుందంటగా? బరువు పెరిగితే ఇక తగ్గదా?"

ఈ ప్రశ్నలకు జవాబులున్నాయి. ప్రతి నెలా అండాశయాల్లో కొన్ని ఫాలికల్స్ (అండం పెరిగే చిన్న సంచులు) కలిసే పెరగడం మొదలుపెడతాయి. పిట్యూటరీ గ్రంథి వదిలే ఎఫ్ఎస్‌హెచ్ హార్మోను వాటికి బలం. వాటిలో ఒకటి ముందుకు పోతుంది, ఎఫ్ఎస్‌హెచ్ తగ్గుతుంది, మిగతావి వాడిపోతాయి. మీరిచ్చే ఇంజెక్షన్ ఆ హార్మోనును తగ్గనివ్వదు కాబట్టి, ఆ నెల ఎలాగూ వాడిపోవాల్సినవి కూడా పెరుగుతాయి. వచ్చే ఏడాది రావాల్సిన అండాలను ముందే లాక్కోవడం కాదిది. ఈ నాలుగు మాటలు చెబితే ఆ పిల్ల ముఖంలో బెంగ సగం పోతుంది. క్యాన్సర్ సంగతీ అంతే. ఇప్పటిదాకా జరిగిన పెద్ద అధ్యయనాల్లో ఈ ఇంజెక్షన్ల వల్ల రొమ్ము క్యాన్సర్ పెరిగినట్టు తేలలేదని మీకు తెలుసు. ఆమెకు తెలియదు. యూట్యూబులో ఎవరో చెప్పింది విని, రాత్రంతా నిద్రపోకుండా మర్నాడు సూదికి వస్తుంది.

మీకు టైము లేదని నాకు తెలుసు. సోమవారం ఉదయం ఓపీ ఎలా ఉంటుందో చూసినదాన్ని. ఫాలికల్ స్టడీకి వచ్చినవాళ్ళు ఒకపక్క, పిండాన్ని గర్భంలో పెట్టే ట్రాన్స్‌ఫర్‌కి వచ్చినవాళ్ళు ఒకపక్క, గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా రిపోర్టు పట్టుకుని ఏడుస్తున్నవాళ్ళు మరోపక్క. అందుకే కాగితం అంటున్నాను. మాట మర్చిపోతారు, కంగారులో సగమే వింటారు. కాగితాన్ని ఇంటికెళ్ళి మళ్ళీ చదువుకుంటారు, భర్తకు చూపిస్తారు, అత్తగారి చేత చదివిస్తారు.

అసలు భయపడాల్సింది ఒకటుంది. దాని గురించి మాత్రం చాలామందికి ఎవరూ చెప్పడం లేదు. అండాశయాలు మోతాదుకు మించి స్పందించి ఉబ్బిపోవడం, మీరు ఓహెచ్ఎస్ఎస్ అంటారే, అది. నీటిబుడగలు (పీసీఓఎస్) ఉన్నవాళ్ళకి, అండాల నిల్వను చూపే ఏఎంహెచ్ హార్మోను ఎక్కువున్నవాళ్ళకి, వయసు తక్కువై సన్నగా ఉన్నవాళ్ళకి ఈ ముప్పు ఎక్కువ. నా దగ్గరికి వచ్చే ఆడపిల్లల్లో నీటిబుడగలవాళ్ళు తక్కువేం కాదు. ఇది తీవ్రంగా వచ్చేది నూటికి ఒకరిద్దరికే కావచ్చు. ఆ ఒకరిద్దరూ ఎవరో ముందు తెలియదు గనకే అందరికీ చెప్పాలి.

నాకు బాగా తెలిసిన ఒకమ్మాయి సంగతి చెబుతాను. ఊరు, ఆసుపత్రి పేరు చెప్పను. ఇరవై ఆరేళ్ళది, నీటిబుడగలున్నాయి. అండాలు బాగా వచ్చాయని సంతోషంగా ఎగ్ పికప్ చేయించుకుని అత్తగారి ఊరు వెళ్ళింది. మూడో రోజుకి పొట్ట బిగిసింది, లంగా బొందు కట్టుకోలేకపోయింది. వాంతులు. ఊళ్ళో ఆర్ఎంపీ గ్యాస్ అని బిళ్ళలిచ్చాడు, తగ్గకపోతే నొప్పి ఇంజెక్షన్ పొడిచాడు. మర్నాటికి మూత్రం తగ్గింది. "నీరు పట్టిందమ్మా, నీరు లాగేయాలి" అని మూత్రం జారీ అయ్యే ఇంజెక్షన్ ఇచ్చాడు. ఆయన్ని తిట్టి లాభం లేదు. ఉబ్బిన పొట్ట, తగ్గిన మూత్రం చూసి ఆయన తనకు తెలిసిన వైద్యం చేశాడు. ఆ పిల్లకు నీరు ఒంట్లో ఎక్కువై కాదు, రక్తనాళాల్లోంచి కారి పొట్టలో చేరింది. లోపల రక్తం చిక్కబడి ఉంది. ఉన్న కాస్త నీటినీ మూత్రంలో లాగేస్తే ఆ రక్తం ఇంకా చిక్కబడి గడ్డకట్టే ప్రమాదం, కిడ్నీలకు ప్రమాదం. నొప్పి మందుల్లో కొన్ని కూడా అప్పుడు కిడ్నీకి మంచివి కావు.

ఊపిరాడక ఆ రాత్రి పెద్దాసుపత్రికి తెచ్చారు. డ్యూటీ డాక్టరు అడిగిన మొదటి రెండు ప్రశ్నలు: "ట్రిగ్గర్ ఏది ఇచ్చారు? ఎన్ని ఎగ్స్ తీశారు?" ఆమె భర్త సంచిలోని కాగితాలన్నీ టేబుల్ మీద కుమ్మరించాడు. బిల్లులు, స్కానింగ్ రసీదులు, మందుల షాపు చీటీలు. ఆ రెండు ప్రశ్నలకూ ఒక్క కాగితంలోనూ జవాబు లేదు. చికిత్స చేసిన కేంద్రానికి ఫోన్ చేస్తే రిసెప్షన్ నంబరు మోగి మోగి ఆగిపోయింది. ఆమెకు తగ్గింది. పొట్టలోంచి నీరు తీశారు, రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు ఇచ్చారు, ఇంటికి పంపారు. ఆ ఆలస్యం మాత్రం అక్కర్లేనిది.

ఇలాంటి రోజు రాకుండా చూసే విద్య మీ చేతుల్లో ఉంది. హెచ్‌సీజీ (గర్భం నిలిచాక ఒంట్లో తయారయ్యే హార్మోను) ట్రిగ్గర్ రోజుల తరబడి ఒంట్లో ఉండి అండాశయాలను పొడుస్తూనే ఉంటుందని, ముప్పు ఎక్కువున్నవాళ్ళకి ఆంటగనిస్ట్ పద్ధతిలో (అండాలు ముందే విడుదల కాకుండా ఆపే మందుతో) వెళ్ళి, హెచ్‌సీజీకి బదులు త్వరగా ప్రభావం తగ్గిపోయే అగనిస్ట్ ట్రిగ్గర్ ఇచ్చి, పిండాలన్నీ ఫ్రీజ్ చేసి, ట్రాన్స్‌ఫర్ తర్వాతి నెలల్లో పెడితే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. మీలో చాలామంది అలాగే చేస్తున్నారు. నా చేతికి వచ్చే పెట్టెలే చెబుతాయి నాకు. ఎవరు జాగ్రత్తపడుతున్నారో ట్రిగ్గర్ పెట్టె చూస్తే తెలుస్తుంది. వాళ్ళకు నా దండం.

ఆ జాగ్రత్త కూడా చెప్పకపోతే వికటిస్తోంది. "ఈ నెల ట్రాన్స్‌ఫర్ చేయట్లేదంట, అన్నీ ఫ్రీజరులో పెడతారంట" అని ఏడుస్తూ వస్తారు. ఇంట్లో అత్తగారు దీన్ని రెండు రకాలుగా అర్థం చేసుకుంటుంది. కోడలి గర్భసంచిలో ఏదో లోపం ఉందని ఒకటి, ఆసుపత్రివాళ్ళు ఇంకో బిల్లు వేయడానికి చూస్తున్నారని ఇంకొకటి. ఆమె ప్రాణం కాపాడటానికి మీరు తీసుకున్న మంచి నిర్ణయం, ఇంటికెళ్ళేసరికి ఆమె మీద నిందగా మారుతోంది. "అండాలు ఎక్కువ పెరిగితే తల్లి క్షేమం కోసం పిండాలను ఫ్రీజ్ చేసి తర్వాత పెడతాము, దీనివల్ల నష్టం లేదు" అని మొదటి రోజే కాగితంలో ఉంటే ఆ అత్తగారికి చూపించడానికి ఒక ఆధారం ఉండేది.

ఇంకో విషయం మరీ ముఖ్యం. ఈ ఉబ్బరం రెండోసారి కూడా రావచ్చు. ట్రాన్స్‌ఫర్ అయి, గర్భం నిలిస్తే ఆ గర్భమే హెచ్‌సీజీ తయారుచేస్తుంది కాబట్టి, ట్రిగ్గర్ అయిన పది రోజుల తర్వాత కూడా మొదలవ్వచ్చు. బీటా పాజిటివ్ వచ్చిన సంబరంలో పొట్ట ఉబ్బితే, "కడుపుతో ఉన్నావు కదా, అలాగే ఉంటుంది" అని సర్దిచెప్పే పెద్దవాళ్ళే ఎక్కువ. రోజుకు కిలో, అంతకంటే ఎక్కువ బరువు పెరిగినా, మూత్రం తగ్గినా, వాంతులు ఆగకపోయినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, కాలి పిక్కలో నొప్పీ వాపూ వచ్చినా, పొత్తికడుపులో ఒకపక్క ఉన్నట్టుండి కత్తితో పొడిచినట్టు నొప్పి వచ్చినా ఆగొద్దని ఎవరో ఒకరు రాసివ్వాలి. ఆ చివరిది అండాశయం మెలిపడటం కావచ్చు. గంటలు ఆలస్యమైతే అండాశయమే పోవచ్చు.

మందుల పేర్ల దగ్గర నాకు బాధగా ఉన్న సంగతి ఇంకొకటుంది. కొన్నిసార్లు మందు సిరంజిలో ఎక్కించి, పేరు లేకుండా, టైము మాత్రం చెప్పి పంపుతున్నారు. పేరు లేని మందు వేయమంటే నర్సుగా నేను వేయను. తిరిగి పంపించాలంటే ఆ పిల్ల కంగారు చూడలేను. ఎగ్ పికప్‌కి 34 నుంచి 36 గంటల ముందు ట్రిగ్గర్ పడాలి. రాత్రి పదిన్నర అంటే పదిన్నరే. ఆ టైములో నేను ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు ఉండాలి కదా! పొడి మందు సీసాలయితే ఎన్ని సీసాలు ఎంత నీళ్ళలో కలపాలో రాయరు. 150 యూనిట్లా, 225 యూనిట్లా అన్నది నోటి మాట మీద నడవకూడదు. చల్లదనం సంగతి కూడా రాయండి. ఈ మందుల్లో చాలావాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెలలో విజయవాడ నుంచి బస్సులో తెచ్చుకునేవాళ్ళు చెడిపోతుందేమోనని ఐసుగడ్డ మీదే పెట్టి గడ్డ కట్టించేస్తున్నారు. కొందరు ఇంటికెళ్ళాక ఫ్రీజరులో పెడుతున్నారు. గడ్డకట్టిన మందు పనికిరాదని వాళ్ళకెలా తెలుస్తుంది? వేలకు వేలు పోసి కొన్న మందు.

చట్టం కూడా నా మాట వైపే ఉంది. 2021లో పార్లమెంటు చేసిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. చికిత్స వల్ల వచ్చే ప్రమాదాలు, దుష్ప్రభావాలు, ఖర్చు, ఫలితం వచ్చే అవకాశం ముందుగా వివరించి చెప్పాలని అందులో ఉంది. చేసిన చికిత్స వివరాలతో దంపతులకు డిశ్చార్జి సర్టిఫికెట్ ఇవ్వాలని ఉంది. ఫిర్యాదులు వినే విభాగం ప్రతి కేంద్రంలో ఉండాలని ఉంది. నేనడిగే కాగితం ఆ డిశ్చార్జి సర్టిఫికెట్‌ను రోజురోజుకీ పూర్తిచేస్తూ పోవడమే. చివర్లో ఇచ్చే సర్టిఫికెట్ ఆ అమ్మాయికి ఆ రాత్రి ఏం పనికొచ్చేది?

రాసి ఉంచిన కాగితం విలువ ఈ వైద్యంలో అందరికంటే మనవాళ్ళకే బాగా తెలియాలి. 1978 జులై 25న ఇంగ్లండులో పుట్టిన మొదటి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ, సూదులేమీ లేకుండా ఆ నెల సహజంగా వచ్చిన ఒక్క అండంతో పుట్టింది. అదే ఏడాది అక్టోబరు 3న కలకత్తాలో దుర్గ అనే పాప పుట్టింది. ఆమె తల్లికి డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ హార్మోన్ ఇంజెక్షన్లతో అండాలను పెంచి, పిండాన్ని ఫ్రీజ్ చేసి, తర్వాత గర్భంలో పెట్టారు. ఈ రోజు మీరంతా చేస్తున్న పద్ధతే. అక్కడి ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన్ని నమ్మలేదు. 1981లో ఆయన ఉరి వేసుకున్నారు. చాలా ఏళ్ళ తర్వాత, 1997లో, శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్ ఆయన రాసుకున్న నోట్సు చదివి, దేశంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బిడ్డను పుట్టించింది ఈయనేనని ప్రకటించారు. అప్పటిదాకా ఆ గౌరవం 1986లో ముంబైలో పుట్టిన బిడ్డ వెనకున్న బృందానిది. ఆ బృందంలో ఆనంద్ కుమార్ గారూ ఒకరు. తన ఖ్యాతిని తానే వదులుకున్నారు. అంత పెద్ద నిజాన్ని బయటపెట్టింది చేతిరాత కాగితాలే.

మగవారి లోపం ఉన్న దంపతుల సంగతి కూడా చెప్పాలి. వీర్యకణాల కౌంట్ తక్కువై ఇక్సీకి (వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే పద్ధతికి) వెళ్ళినా సూదులు పడేది భార్య పొట్ట మీదే, అండాశయాలు ఉబ్బేది ఆమెకే, పికప్‌కి మత్తు ఇచ్చేది ఆమెకే. ఇంట్లో మాత్రం "దీనికి ట్రీట్‌మెంట్ జరుగుతోంది" అంటారు. కాగితం మీద కారణం కూడా ఒక్క ముక్క రాస్తే, ఇద్దరి అనుమతితోనే రాస్తే, కొంతమంది ఆడవాళ్ళకు ఇంట్లో తలెత్తుకునే వీలుంటుంది. ఇది మీ ఇష్టానికే వదిలేస్తున్నాను, ఇంటి సంగతులు సున్నితమైనవని నాకు తెలుసు.

అండదాతల సంగతి మీ ఇష్టానికి వదలను. పైన చెప్పిన చట్టం ప్రకారం దాత వయసు 23 నుంచి 35 ఏళ్ళ మధ్య ఉండాలి. జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు, ఆమె పేర బీమా ఉండాలి. ఏడుకు మించకూడదని చట్టం అంటుంటే డోసు కూడా దానికి తగ్గట్టే ఉండాలి గదా? ఇరవై ఫాలికల్స్ పెంచి ఏడే తీశామంటే మిగతావన్నీ ఆమె ఒంట్లోనే ఉబ్బి ఉంటాయి. ఆమెకు బిడ్డ కావాలన్న ఆశ కూడా లేదు, ఇంట్లో అవసరం కొద్దీ వచ్చిన మనిషి. పికప్ అయిన సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోతుంది, మర్నాడు పనిలోకి దిగుతుంది. పొట్ట ఉబ్బినా ఎవరికీ చెప్పుకోలేదు, ఎందుకంటే దానం ఇచ్చినట్టు ఇంట్లో తెలియకపోవచ్చు. ఈ కాగితం అందరికంటే ముందు ఆమెకు ఇవ్వండి. పేరు బయటపడుతుందన్న భయం ఉంటే పేరు లేకుండా నంబరుతో ఇవ్వండి. లక్షణాలు, మందు, ఫోన్ నంబరు ఉంటే చాలు. డాక్టరుకు కావాల్సింది అదే.

ఎక్కువమంది పిల్లల్ని కనమని ఇప్పుడు ప్రభుత్వమే అడుగుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలే అని తేలింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024లో తీసేశారు. మీ దగ్గరికి వచ్చేవాళ్ళు ఇంకా పెరుగుతారు, ఇంకా దూరపు పల్లెల నుంచి వస్తారు. పల్లెలో పీహెచ్‌సీ డాక్టరుకి, నాలాంటి నర్సుకి, ఆర్ఎంపీకి కూడా ఆ కాగితం చదివితే ఏం చేయకూడదో తెలియాలి. "ఈమెకు అండాశయ స్టిమ్యులేషన్ జరిగింది. పొట్ట ఉబ్బితే మూత్రం జారీ చేసే మందులు ఇవ్వకండి, ఈ నంబరుకు ఫోన్ చేసి వెంటనే పెద్దాసుపత్రికి పంపండి" అని కింద పెద్ద అక్షరాలతో రెండు వాక్యాలుంటే చాలు.

నమూనా నేనే రాశాను. ఒక పేజీ, రెండువైపులా. తెలిసిన గైనకాలజిస్టులకు చూపించి దిద్దించుకున్నాను. ముందు వైపు మందు పేరు, యూనిట్లు, తేదీ, టైము, ట్రిగ్గర్, అండాల సంఖ్య రాసే గళ్ళు. వెనక వైపు ప్రమాద లక్షణాలు, మందు దాచే పద్ధతి, రాత్రి నంబరు రాసే చోటు. మీలో ఎవరికి కావాలన్నా ఇస్తాను. మీ కేంద్రం పేరు పైన వేసుకోండి, నా పేరు అక్కర్లేదు. తప్పులుంటే దిద్దండి. ప్రింటు ఖర్చు ఒక సిరంజి ఖర్చంత కూడా కాదు. రాత్రి నంబరు మాత్రం మోగితే ఎత్తే మనిషిది వేయండి.

ఈ ఉత్తరం నకలు రాష్ట్ర ఏఆర్‌టీ (సహాయక పునరుత్పత్తి), సరోగసీ బోర్డుకు కూడా పంపుతున్నాను. వాళ్ళు ఉత్తర్వు ఇచ్చేదాకా ఆగకండి. ఈ వారం మీ దగ్గర నెలసరి రెండో రోజు స్కానింగ్‌కి వచ్చే అమ్మాయితోనే మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
గుంటూరు